పాతర గడ్డి రోజుల్లో ట్రాక్టర్లతో పని ఎలా చేసుకోవాలి

దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యి కాలవలు కట్టేశాక మన గోదావరి డెల్టాలో పచ్చగడ్డికి ఎంత కరువో గేదెలున్న వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలే దాకా వరిగడ్డి, తవుడు, గట్ల మీద దొరికే నాలుగు పరకలు, అంతే. అందుకే లంకల్లోనూ, సార్వా (మొదటి పంట) మాసూళ్ళయ్యాక దున్నకుండా వేసిన చేలల్లోనూ మొక్కజొన్నని గింజ కోసం ఉంచకుండా పచ్చిగానే కోసి, ముక్కలు కొట్టి, గాలి చొరకుండా తొక్కి పాతరేసుకునే వాళ్ళు పెరిగారు. ఇప్పుడందరూ సైలేజి అంటున్నారు గానీ పాతర గడ్డి అన్నా అదే.

పద్ధతి తెలుసుకోవడం కష్టం కాదండీ. కష్టమల్లా ఆ రెండు మూడు రోజుల హడావిడే. కోత మిషన్‌కి గంట లెక్కన అద్దె, కూలీల లెక్క ఇంకోటి, ఆకాశంలో మబ్బు కనపడితే ఆ టెన్షన్ మరోటి. ఆ హడావిడిలోనే గడ్డి పాడవుతుంది, ఆ హడావిడిలోనే చేతులు పోతాయి. నేను రెండూ చూశాను కాబట్టి మొదటే ఒక్క మాట చెప్తాను: కోసే బండి ఎంత జోరుగా పోతోందో చూడకండి, తొక్కే బండి గంటకి ఎంత తొక్కగలదో చూసి మిగతా పనంతా దానికి సర్దుకోండి.

ముందు కాగితం మీద లెక్క

తొక్కే ట్రాక్టర్ లెక్క ఇలా వేస్తారు. గంటకి ఒక టన్ను పచ్చి ముక్క వచ్చి పడుతుంటే దాన్ని సరిగా అణచడానికి సుమారు 400 కిలోల బరువు ఆ గంటంతా దాని మీద తిరుగుతూ ఉండాలి. మన దగ్గరుండే 45, 50 హార్స్ పవర్ బండి బరువు దాదాపు 2 టన్నులు. అంటే ఆ ఒక్క బండి గంటకి 5 టన్నులకి మించి తొక్కలేదు. ఎకరం మొక్కజొన్న బాగా వస్తే 15 టన్నుల పచ్చిమేత అనుకోండి, ఎకరానికి మూడు గంటల తొక్కుడు ఖాయంగా ఉంటుంది. కోసే వాడు గంటన్నరలో ఎకరం ఊడ్చేస్తానంటే సంబరపడకండి, రెండో ట్రాక్టర్ తెచ్చుకోండి, లేదంటే అతన్ని మధ్యలో ఆపండి.

ఎన్ని పశువులకి అన్నది రెండో లెక్క. ఇక్కడే చాలామంది తప్పు చేస్తున్నారు. కుప్ప తెరిచాక మన ఎండలకి ముఖం, అంటే తెరిచిన వైపు, మొత్తం మీద రోజుకి కనీసం అర అడుగు మందాన తీసెయ్యాలి, లేకపోతే గాలి తగిలి వేడెక్కిపోతుంది. ట్రాక్టర్ తిరగాలంటే కుప్ప వెడల్పు 10 అడుగులన్నా ఉండాలి, ఎత్తు 4 అడుగులనుకుంటే ఆ అర అడుగులోనే దాదాపు 300 కిలోలు వస్తుంది. గేదెకి 15 కిలోల చొప్పున అది 20 గేదెల మేత. మీకు అయిదారు పశువులే ఉంటే ట్రాక్టర్‌తో తొక్కే కుప్ప మీకు పనికిరాదు. లోపల ప్లాస్టిక్ సంచి ఉన్న గోనెల్లో కాళ్ళతో తొక్కి, గాలి తీసి గట్టిగా కట్టుకోవడం మేలు. లేదంటే పక్కింటి వాళ్ళూ మీరూ కలిసి ఒకటే కుప్ప వేసుకుని రోజూ పంచుకోండి. 20 గేదెలకి మూడు నెలలంటే 27 టన్నులు. బాగా అణిచిన గడ్డి ఘనపు మీటరుకి 550 కిలోల దాకా పడుతుంది కాబట్టి 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 45 అడుగుల పొడవు సరిపోతుంది. పంట రెండెకరాలు. తొక్కడానికి ఒక బండితో ఆరు గంటలు.

గొయ్యి తవ్వకండి

మెట్ట ప్రాంతాల్లో గొయ్యి తవ్వి పాతరేస్తారు. మన డెల్టాలో చాలా చోట్ల కాస్త తవ్వగానే నీళ్ళు ఊరతాయి, ఆ పని చెయ్యకండి. నేల మీదే గ్రావెల్ పోసి అడుగు ఎత్తు చేసి, ముందుకి కొంచెం వాలు పెట్టి, రెండు పక్కలా గోడలు కట్టుకోండి. గోడల్లేకుండా ఉత్త కుప్పగా వేసినా పర్వాలేదు, అప్పుడు పక్కలు మరీ నిటారుగా లేకుండా చూసుకోవాలి. జూలై, ఆగస్టుల్లో వరద నీరు ఎక్కే చోటు వద్దు.

ఇంకో సంగతి మన భీమవరం, ఆకివీడు వైపు వాళ్ళు ముఖ్యంగా చూడాలి. తేమ ఎక్కువున్న గడ్డి నుంచి మూడో రోజుకల్లా గోధుమ రంగు రసం కారుతుంది. అది చేపల చెరువులోకో కాలవలోకో పోతే నీళ్ళలో ప్రాణవాయువుని తినేసి చేపల్ని చంపేస్తుంది. వాలు ఎటుందో ముందే చూసి, రసం పోవడానికి దూరంగా చిన్న గుంట పెట్టుకోండి.

మిషన్లు వారం ముందే

పెద్ద కోత బండి అద్దెకి తెచ్చుకున్నా, ట్రాక్టర్ పక్కన తగిలించే ఒంటి సాలు మిషన్ అయినా, కూలీలు కొడవళ్ళతో కోసి తెచ్చి చాఫ్ కట్టర్‌కి (గడ్డి ముక్కలు కొట్టే మిషన్‌కి) అందించినా, చూడాల్సినవి అవే. కత్తులు సాన పట్టించండి. కదిలే కత్తికీ కదలని కత్తికీ మధ్య సందు దళసరి కాగితం దూరేంతే ఉండాలి, ఎంతన్నది మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. మొద్దు కత్తి ముక్క కొయ్యదు, చింపుతుంది. పొత్తుల మీద పొట్టు పొడుగ్గా పీలికల్లా వస్తోందంటే కత్తి పోయిందని అర్థం, డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. పని నడిచే రోజుల్లో రోజూ పొద్దున్నే సాన.

పీటీఓ షాఫ్టు, అంటే ట్రాక్టర్ ఇంజన్ శక్తిని మిషన్‌కి అందించే తిరిగే కడ్డీ, దాని మీద ప్లాస్టిక్ గొట్టం ఉందా లేదా చూడండి. లేకపోతే ఆ మిషన్ వెనక్కి పంపించండి, అద్దె డబ్బులు పోయినా సరే. మామూలుగా పీటీఓ నిమిషానికి 540 తిప్పులు తిరుగుతుంది, అంటే సెకనుకి తొమ్మిది. గుడ్డ అంచు తగిలితే ఒక్క సెకనులో ఆరేడు అడుగులు చుట్టేస్తుంది. మా చేలో ఒకాయన తువ్వాలు అలాగే పోయింది. భుజం మీద ఊరికే వేసుకుని బెల్టు చూద్దామని వంగాడు, బండి నెమ్మదిగానే తిరుగుతోంది, ఫట్‌మని ఒక చప్పుడు, అంతే. చూసేసరికి షాఫ్టు మీద తాడులా పేనుకుని ఉంది, ఆ ఎర్ర గళ్ళు కూడా కనపడనంత బిగువుగా. ఆయన మెడకి చుట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. తలపాగా, కండువా, లుంగీ, చీర కొంగు, జారిన జడ, ఏదీ షాఫ్టు దగ్గరికి రాకూడదు. ప్యాంటూ, ఒంటికి పట్టి ఉండే చొక్కా. ఆడవాళ్ళు పనిలో ఉంటే చీర మీద చొక్కా తొడుక్కుని కొంగు లోపలికి దోపుకోమని గట్టిగా చెప్పండి, మొహమాటపడకండి.

మిగతావి గబగబా: క్రాస్ జాయింట్లకి గ్రీజు, టైర్లలో గాలి, రెండు బ్రేకు పెడళ్ళనీ కలిపే లాకు, ట్రక్కు (ట్రాక్టర్ వెనక తగిలించే తొట్టి) హుక్కు పిన్నుకి క్లిప్పు, ట్రక్కు వెనక రేడియం స్టిక్కర్లు. షియర్ బోల్టులు, అంటే మిషన్ మీద భారం ఎక్కువైతే ముందుగా తెగిపోయేవి, నాలుగు ఎక్కువ కొనుక్కోండి. అవి తెగినప్పుడు గట్టి బోల్టు వేసేసే అలవాటు చాలామందికి ఉంది, అలా వేస్తే తెగాల్సిన బోల్టు బదులు గేర్‌బాక్స్ పోతుంది.

కోతకి రోజు ఎలా చూడాలి

పొత్తు మధ్యకి విరిచి గింజ చూడండి. పైభాగం పసుపుగా గట్టిపడి, కిందిభాగం ఇంకా పాలతో తెల్లగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య గీత గింజలో సగానికి దిగిందంటే కోత మొదలుపెట్టొచ్చు, మూడింట రెండొంతులు దిగేలోపు ముగించాలి. అప్పుడు చెట్టులో తేమ 65 నుంచి 70 శాతం ఉంటుంది. నమ్మకం కోసం ముక్క కొట్టిన గడ్డి గుప్పెడు తీసుకుని అర నిమిషం గట్టిగా పిసికి వదలండి. వేళ్ళ సందుల్లోంచి రసం కారితే ఇంకా పచ్చి, నాలుగు రోజులు ఆగండి. ఉండ వెంటనే రాలిపోతే ఎండిపోయింది, ముక్క ఇంకా చిన్నగా కొట్టి మరింత తొక్కాలి. చెయ్యి తడి అయ్యి, ఉండ నెమ్మదిగా విచ్చుకుంటే అదే సరైన రోజు.

ఆఖరి తడి కోతకి పది పదిహేను రోజుల ముందే ఆపెయ్యండి. మన రేగడిలో ఒక్క తడి ఎక్కువైతే ట్రక్కు ఇరుసు దాకా దిగిపోతుంది. కత్తెర పురుగుకి మందు కొట్టి ఉంటే డబ్బా మీద రాసిన గడువు దాటాకే కోయండి.

బండి దిగబడిందే అనుకుందాం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఎందుకంటే మన వైపు అందరూ చేసే పని, వెనక చక్రాలకి అడ్డంగా దుంగ కట్టి గేరు వెయ్యడం. దయచేసి వద్దు. చక్రం తిరగలేనప్పుడు ఇంజన్ శక్తి ఎక్కడికి పోతుంది? ఇరుసు చుట్టూ బండినే తిప్పుతుంది. ముందు చక్రాలు లేస్తాయి, స్టీరింగ్ మీ గుండెల మీదకి వస్తుంది, అదంతా అయ్యేసరికి రెండు సెకన్లు కూడా పట్టదు, దూకే టైమ్ ఉండదు. ట్రక్కు విప్పండి, చక్రాల దగ్గర మట్టి తియ్యండి, వచ్చిన దారినే వెనక్కి రండి. రాకపోతే ఇంకో బండితో లాగించండి, గొలుసుని బండి వెనక కింద ఉండే డ్రాబార్ అనే ఇనప పట్టీకే తగిలించాలి. ఇరుసు కన్నా పైన ఎక్కడ తగిలించినా పైన చెప్పిందే జరుగుతుంది. లాగేటప్పుడు చుట్టూ ఎవరూ నిలబడకూడదు, తెగిన గొలుసు కాళ్ళు విరగ్గొడుతుంది.

ముక్క కొట్టేటప్పుడు

ముక్క ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఉండాలి. గింజ నలగాలి, నలగని గింజ గేదెకి పట్టదు, పేడలో బయటికి వచ్చేస్తుంది. మొదటి ట్రక్కులోంచి కొంచెం తీసి బకెట్ నీళ్ళలో వేసి కలపండి, ఆకు తేలుతుంది, గింజలు అడుక్కి చేరతాయి. నీళ్ళు ఒంపి చూస్తే గింజలు పగిలాయో లేదో తెలిసిపోతుంది. సగం గింజలు గుండుల్లా ఉంటే మిషన్ ఆపించి కత్తులు సరిచేయించండి.

చాఫ్ కట్టర్ అయితే గడ్డి పెట్టే చోట పళ్ళెం మూడడుగుల పొడవన్నా ఉండాలి, రోలర్లకి చెయ్యి అందకూడదు. ఇరుక్కున్న గడ్డిని చేత్తో తోసే అలవాటే వేళ్ళు తీసేది. ఇరుక్కుంటే ఏం చెయ్యాలో ముందే అందరికీ చెప్పండి: పీటీఓ తప్పించాలి, ఇంజన్ ఆపాలి, తాళం తీసి మిషన్ దగ్గరికి వెళ్ళే మనిషి తన జేబులో వేసుకోవాలి, కత్తుల చక్రం పూర్తిగా ఆగిందని కళ్ళతో చూడాలి. ఇంజన్ ఆగాక కూడా ఆ బరువైన చక్రం కాసేపు తిరుగుతూనే ఉంటుంది. తాళం డ్రైవర్ దగ్గర కాదు, చెయ్యి పెట్టే వాడి జేబులో. మా దగ్గర ఇది మాట వరసకి కాదు, తాళం చేతికి రాకుండా ఎవరూ మూత తియ్యరు.

ఎండలు మీకు తెలిసిందే. తెల్లవారుజామున నాలుగింటికి మొదలెట్టి పదకొండుకి ఆపెయ్యండి, మళ్ళీ సాయంత్రం నాలుగింటికి. నిద్ర చాలని డ్రైవర్‌ని బండెక్కించకండి.

దారిలో

రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్ళకీ లాకు వెయ్యండి. చేలో మలుపుల కోసం విడివిడిగా వాడతాం కదా, అలాగే రోడ్డెక్కి ఒక్క పెడల్ నొక్కితే బండి ఒక్క పక్కకే తిరిగి కాలవలో పడుతుంది. ఏటిగట్టు మీదికి ఎక్కేటప్పుడూ, అక్కడ్నుంచి లంకలోకి దిగేటప్పుడూ గేరులోనే ఉండండి, న్యూట్రల్ చెయ్యకండి, క్లచ్ తొక్కి పెట్టకండి. నిండు ట్రక్కు వెనకనుంచి తోసిందంటే ఏ బ్రేకూ పట్టదు. రావులపాలెం దగ్గరలా హైవే దాటాల్సిన చోట ఓ మనిషిని దించి రెండు వైపులా చూపించుకోండి, దగ్గర దారని రాంగ్ సైడులో మాత్రం పోకండి.

మడ్‌గార్డ్ మీద ఎవర్నీ కూర్చోబెట్టకండి. పిల్లలు తాతయ్యా నేనూ వస్తా అంటారు, మనకీ ముద్దుగానే ఉంటుంది. ఒక్క గతుకుకి జారితే పడేది వెనక చక్రం కిందే. వాళ్ళని కుప్ప దగ్గరికి కూడా రానివ్వద్దు.

తలెత్తి కరెంటు తీగలు చూసుకోండి. చెరువుల మోటార్లకి లాగిన లైన్లు మన దగ్గర చాలా కిందికి వేలాడుతుంటాయి. ట్రక్కు లేపే చోట పైన తీగ ఉండకూడదు, మిషన్‌కి గడ్డి చిమ్మే గొట్టం ఎత్తి ఉంచి నడపకూడదు. పొరపాటున తగిలితే సీటు మీదే ఉండి, ఎవర్నీ దగ్గరికి రావద్దని అరిచి, కరెంటు తీయించాకే దిగండి. మంటలు వచ్చి దిగక తప్పకపోతే బండినీ నేలనీ ఒకేసారి ముట్టుకోకుండా, రెండు పాదాలూ దగ్గర పెట్టి దూరంగా దూకండి.

తొక్కుడు

ఇక అసలు పని. బండి కుప్ప ఎక్కే ముందు టైర్లకున్న మట్టి కడగండి, మట్టితో పాటు వచ్చే సూక్ష్మజీవులే గడ్డిని కుళ్ళబెట్టేవి. దమ్ము చక్రాలు వద్దు, మామూలు టైర్లే. ట్రక్కు దింపాక అర అడుగు మందాన పరిచి, అప్పుడే తొక్కాలి, అంతకన్నా మందం వేస్తే పైన గట్టిగా కనపడుతుంది గానీ అడుగున గాలి అలాగే ఉంటుంది. నడక వేగానికి మించకుండా, ఒక చక్రం జాడ పక్కనే ఇంకో జాడ పడేలా, అంచుల్లో రెండింతలు. పైన నడిస్తే మడమ అంగుళానికి మించి దిగకూడదు.

ఒక ఏడాది మా కుప్ప దగ్గర ఏం జరిగిందో చెప్తాను. తొక్కే బండి డీజిల్‌కి వెళ్ళింది. ఈలోగా మూడు ట్రక్కులు వచ్చి నిలబడ్డాయి. కోత కుర్రాడు, "బాబాయ్, గంట మీటరు తిరుగుతోంది, దింపేద్దాం, వచ్చాక ఒకేసారి తొక్కేస్తాడులే" అన్నాడు. నేనూ సరే అన్నాను. రెండు నెలలకి తెరిస్తే ఆ మూడు ట్రక్కుల మేర నల్లగా, మాడినట్టు, చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. వాసన అచ్చం లంక పొగాకు వాసన. గాలి ఉండిపోతే గడ్డి లోపలే వేడెక్కి ఉడికిపోతుంది, మాంసకృత్తులు పశువుకి అందకుండా పోతాయి. మీటరు మిగిల్చిన డబ్బు కన్నా పారేసిన గడ్డి ఎన్నో రెట్లు. అప్పట్నుంచి తొక్కే బండి ఆగితే చేలో కోత కూడా ఆగాల్సిందే.

కుప్ప మీద బండి పల్టీ కొట్టడం గురించి కూడా భయం ఉండాలి. వాలు మూడడుగుల పొడవుకి ఒక అడుగు ఎత్తు కన్నా నిటారుగా ఉండకూడదు. వాలు నేరుగా ఎక్కండి, వెనక్కి నడుపుతూ ఎక్కి ముందుకి దిగితే ఇంకా మంచిది. పైన మలుపులు తిప్పకండి. గోడ ఎత్తు దాటాక అంచుకి చక్రం వెళ్ళనివ్వకండి. బండి తిరుగుతున్నంత సేపూ గడ్డి సర్దే మనుషులు కింద ఉండాలి, వాళ్ళు ఎక్కితే బండి ఆగాలి. బండికి పల్టీ నుంచి కాపాడే ఇనప ఫ్రేమ్ ఉంటే సీటు బెల్టు పెట్టుకోండి, ఫ్రేమ్ లేని బండికి మాత్రం బెల్టు వద్దు. కొత్త కుర్రాళ్ళకి ఈ పని ఇవ్వకండి.

మూత, తర్వాత

మంచి మొక్కజొన్నకి ఏమీ కలపక్కర్లేదు, అందులో తీపి చాలు. నేపియర్ గడ్డి అయితే కోసి సగం పూట వాడ్చి, టన్నుకి 10 నుంచి 20 కిలోల మొలాసిస్ (చెరకు మడ్డి) నీళ్ళలో కలిపి పొరపొరకీ చల్లండి.

తొక్కడం అయిన రోజే మూసెయ్యాలి, రాత్రికి ఆపాల్సి వచ్చినా పట్టా కప్పి వెళ్ళండి. నలుపు తెలుపు పాలిథిన్ తెచ్చుకుని తెల్ల వైపు పైకి పెట్టండి, అంచుల మీద జిగురు మట్టి మెత్తండి, పైన ఇసక బస్తాలు దగ్గర దగ్గరగా పెట్టండి. పాత టైర్లు పెట్టకండి, చివికిన టైరు తీగ ముక్క మేతలో కలిసి గేదె కడుపులోకి పోతే అది గుండె దాకా గుచ్చుకుంటుంది. కాకులు పొడిచిన కన్నాలకీ పందికొక్కులు కొరికిన చోట్లకీ రోజూ తిరిగి టేపు అంటించాలి.

మొదటి మూడు వారాల్లో కుప్ప నుంచి పసుపూ గోధుమ రంగులో, బ్లీచింగ్ పౌడర్ వాసనతో గ్యాస్ రావచ్చు. అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది, గాలికన్నా బరువు కాబట్టి కిందే నిలబడుతుంది. కనపడితే దూరంగా, గాలికి ఎదురుగా వెళ్ళిపోండి, పక్కన కట్టిన పశువుల్నీ మళ్ళించండి.

45 రోజులు ఆగి ఒక చివర మాత్రం తెరవండి. పచ్చ బంగారు రంగులో, పుల్లటి పండు వాసన వేస్తుంటే కుదిరినట్టే. మొదట రోజుకి 4, 5 కిలోలతో అలవాటు చేసి వారంలో 15 నుంచి 20 కిలోలకి పెంచండి. పాలు పిండాకే పెట్టండి, ముందు పెడితే పాలకి ఆ వాసన పడుతుంది. బూజు పట్టిన ముక్కల్ని చూడి గేదెలకి అసలు పెట్టకండి, ఈసుకుపోతాయి, అంటే కడుపు పోతుంది. రోజూ ముఖాన్ని నిలువునా చెక్కినట్టు తీసి, పట్టా తిరిగి కిందికి లాగి, బస్తాలు పెట్టి రండి.